అత్తలను బయట కూర్చోబెట్టిన నర్సమ్మ

ఆదోనిలో మా నర్సమ్మ కన్నుమూసిందని పోయిన ఆదివారం తెలిసింది. అన్నం ముందు కూర్చున్నదాన్ని లేచి చేయి కడుక్కున్నాను. ఆమె నాకు చుట్టమేమీ కాదు. అయినా ఆమె లేకపోతే ఈ ఇంట్లో నేను ఉండేదాన్ని కాదు.

ఎనభైల మొదట్లో ఆమె ఎమ్మిగనూరు ఆసుపత్రిలో గర్భిణులను చూసేది. కడుపు చూశాక మెడ కూడా చూసేది. గుక్కెడు నీళ్లు మింగించి, గొంతు మీద వేళ్లు పెట్టి చూసేది. "మీ అమ్మకు గానీ అక్కకు గానీ గొంతు వాపు ఉండాదా?" అని అడిగేది. కొందరికి కాన్పయ్యాక థైరాయిడ్ దెబ్బతింటుందని, అలాంటివాళ్లను ముందే కనిపెట్టాలని ఆమె పట్టుదల. ఉందన్నవాళ్ల ఇంటికి కాన్పయిన మూడో నెలలో తనే వెళ్లేది. "కడుపు సూపిచ్చుకోను పోతే గొంతు పట్టుకుంటాది" అని మా వీధిలో నవ్వేవాళ్లు.

నన్నూ అడిగింది. మా అమ్మ గొంతులో నిమ్మకాయంత గడ్డ ఉండేది. కానీ నా పక్కనే మా అత్త! పుట్టింటి రోగాన్ని అత్త ముందు ఒప్పుకునే కోడలు ఏ ఊళ్లో ఉంది? ఎవరికీ ఏమీ లేదని ఠక్కున అనేశాను.

కాన్పయిన ఐదో నెలకు నేను మనిషిని కాకుండా పోయాను. ఎండాకాలంలో చలి, దువ్వెన నిండా జుట్టు. బిడ్డ ఏడుస్తున్నా లేవలేకపోయేదాన్ని.

"మగ్గానికి కండెలు సుట్టేదానికి కూడా సేతగాదు. సోమరిదాన్ని అంటగట్టినారు. పుట్టింట్లో ఇడిసిరా నాయనా. బిడ్డ ఈడ్నే ఉంటాది, పోతపాలు పట్టుకుంటాం" అని అత్త మా ఆయనతో అంది. ఆయన లేచి మగ్గం దగ్గరికి పోయాడు. బిడ్డ లేకుండా ఎట్లా బతకాలి దేవుడా అని కుమిలిపోయాను.

టీకాలు వేయడానికి మా వీధికొచ్చిన నర్సమ్మ నన్ను చూసి ఆగిపోయింది. అత్త లోపలికి వెళ్లగానే, "నిజం సెప్పు తల్లీ" అంది. అమ్మ గొంతు గడ్డ సంగతీ, అత్త పంపేస్తానన్న సంగతీ ఏడుస్తూ చెప్పాను. తిడుతుందనుకున్నాను.

"తప్పు నీది కాదమ్మా, నాది. మీ అత్త ముందర అడిగితిని. నాకు బుద్ధి ల్యాకపాయె" అని నెత్తి కొట్టుకుంది.

నా రక్తం బళ్లారికి పంపించింది. థైరాయిడ్ తగ్గిందని తేలింది. డాక్టరు మాత్రలు రాసిచ్చాడు. వాటిని పట్టుకుని నర్సమ్మ నేరుగా మా అత్త దగ్గరికే వచ్చింది. "ఇది సోమరితనం కాదక్కా, రోగం. నీ కూతురికిట్లయితే వాళ్లత్త తెచ్చి నీ ఇంట్లో ఇడిసిపోతే ఊరుకుంటావా?" అంది. అత్త ఆ మాత్రలు అందుకుంది. రెండు నెలలకు నేను లేచి తిరిగాను.

అప్పటినుంచి ఆసుపత్రిలో గర్భిణులను చూసే గదిలో అత్తలను ఉండనిచ్చేది కాదు. "మా కోడలిని మేం సూసుకోగూడదా?" అని కొందరు తగవుకొచ్చేవాళ్లు. "కోడలు నీదే. రోగమొస్తే పడేది ఆ పిల్ల" అనేది.

రెండో కాన్పుకు వెళ్లినప్పుడు బయటికి పొమ్మనడానికి నర్సమ్మ ఇంకా నోరు తెరవనేలేదు, మా అత్తే లేచింది. అక్కడున్న మరో ఇద్దరు అత్తలతో, "లెయ్యండి వదినా, మనముంటే ఈ పిల్లోళ్లు నిజం సెప్పరు" అంది. ముగ్గురూ వరండాలో మాకు వీపు పెట్టి కూర్చున్నారు. నర్సమ్మ నన్ను అడిగింది. మా అమ్మ గొంతులో గడ్డ ఉండేదని, నాకూ రోగం వచ్చిందని, వరండాలోకి వినబడేటంత గట్టిగా చెప్పాను.