నువ్వు పద, నేనొస్తా

మా పక్క క్వార్టర్లో ఉన్న ఇంజనీరు నోట నేను ఎక్కువగా విన్న మాట అది. సాయంత్రం పూట భార్యాభర్తలు పాపని నా దగ్గర దింపి బజారుకి బయల్దేరేవారు. మా వరండాలోంచి చూస్తే రైలు పట్టాల మీది వంతెన కనిపిస్తుంది. దాని మొదట్లో భార్యతో ఆ మాట అని అతను ఆగిపోయేవాడు. ఆమె అవతల దిగి చెయ్యి ఊపాకే కదిలేవాడు.

భూకంపం వచ్చినా నిలబడేలా ఆ పాత వంతెనని తిరిగి కట్టించే పని అతనిదే. ఒక పక్క పని జరుగుతుంటే, రెండో పక్క నుంచి జనం డ్యూటీలకి నడుస్తూనే ఉండేవారు.

"ఏటి బాబూ, పడిపోద్దా ఏటది?" అని ఓసారి అడిగాను.

"అబ్బే, పడదు పిన్నిగారూ," అని నవ్వాడు. తర్వాత పాప జుట్టు సవరిస్తూ, "దీనికి ఒక్కరైనా మిగలాలి కదండీ," అన్నాడు.

నేను పాపని దగ్గరికి లాక్కున్నాను.

కొత్త వంతెన పూర్తయింది. పూలదండలు కట్టి, స్వీట్లు పంచారు. హమ్మయ్య అనుకున్నాను. ఆ సాయంత్రం పాపని ఎత్తుకుని వరండాలో నిలబడి చూశాను. వంతెన మొదట్లో అతను ఆగాడు. ఆమె ఒక్కతే ముందుకి నడిచింది.

ఎందుకని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. తర్వాత వాళ్లకి బదిలీ అయిపోయింది.

ఇప్పుడు మా అబ్బాయీ కోడలూ పొద్దున్నే కలిసి ఆ వంతెన మీదుగానే డ్యూటీకి బయల్దేరతారు. మనవరాల్ని చంకనేసుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడతాను.

"అరే అమ్మా, కొత్త బ్రిడ్జి కదా!" అని విసుక్కుంటాడు వాడు.

"అచ్ఛా, నువ్వు పద. కోడలు కాసేపాగి వస్తాది."