సత్రం మిద్దె నీళ్ళు

నేను బడి ముఖం చూడలేదు. మా తాత వసారాలో ఇసుక పోసి అక్షరాలు దిద్దించాడు. ఆ కాస్త చదువుతో లోకంలో దేనికైనా ఉపాయం చెప్పగలనన్న ధీమా నాకు పుట్టుకొచ్చింది. దేవుడు దయామయుడు గనుక పెళ్ళయ్యేదాకా దాన్ని ఎవరిమీదా ప్రయోగించనివ్వలేదు. పెళ్ళయ్యాక, గురజాల దాపుల ఉన్న మా అత్తగారి ఊరు దానికి చిక్కింది.

పల్లెకు ఎక్కువ, పట్నానికి తక్కువ అన్నట్టుండే ఊరు. నాపరాతి నేల. ఎక్కడ తవ్వినా రాయి, రాయి దాటితే ఉప్పునీళ్ళు. అందరికీ ఒక్కటే మంచినీళ్ళ బావి. తాగడానికీ అక్కడికే, గుడ్డలుతకడానికీ దాని గట్టుకే. ఎండలు ముదిరేసరికి చేద అడుగు రాతిని గీరేది. పెద్దవానలు పడి ఆ బావి మళ్ళీ ఊరాలంటే భాద్రపదం రావాలి. అంతదాకా ఆడవాళ్ళం వాగుకు నడిచి, ఇసుకలో చెలమ తోడి, నీరూరేదాకా కూర్చుని, చిప్పతో బిందెలు నింపుకునేవాళ్ళం.

కిందటేడు అలా బిందెతో వాగు గట్టెక్కుతూ నా తోడికోడలు జారిపడింది. అప్పుడామెకు ఏడో నెల. బిడ్డ దక్కలేదు. ఈ ఏడు మళ్ళీ నెల తప్పింది. ఏడో నెల ఆషాఢంలో పడుతుంది. అప్పటికైనా ఆమెను వాగు దారి పట్టనివ్వకూడదన్నదే నా దిగులు. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. నీళ్ళు తేవాలంటే ఉన్నది మేమిద్దరమే.

"నీ వంతు కూడా నేనే తెస్తాలేవే" అన్నాను.

"నువ్వు తెచ్చే నీళ్ళు బిందెలో యాడుంటయ్యక్కా? నీ చీర పిండుకుంటే అయ్యే ఎక్కువ" అని నవ్వింది.

నా నడక అటువంటిది, కాదనలేను. మోతకు పనికిరాని మనిషిని గనుక ఆలోచనకు పూనుకున్నాను.

శివరాత్రి వెళ్ళాక పంచాయతీ బోర్డు వాళ్ళు నీళ్ళ సంగతి తేల్చడానికి మా అరుగు మీద చేరారు. మామగారు కూడా బోర్డు మెంబరే. బావిని ఇంకా లోతు చేద్దామని ఒకరు, రాయి పేలిస్తే ఉన్న ఊట కూడా పోతుందని ఇంకొకరు. చుట్టలు కాలుతున్నాయి గాని మాట తెగడం లేదు. మామగారితో నేను నేరుగా మాట్లాడకూడదు. అందుకని తలుపు వెనక నిలబడి, పక్కనున్న అత్తగారికి చెబుతున్నట్టు వీధి చివరిదాకా వినిపించే గొంతుతో అన్నాను:

"అత్తా, సత్రం మిద్దె అంత పెద్దది గదా! దానిమీద పడ్డ వానంతా తూముల్లోంచి వీధిపాలే. కింద నాపరాళ్ళతో తొట్టి కట్టించి పడితే ఊరికి తాగను రాదా?"

"నా చెవిలో చెప్పేదానికి అంత కేకెందుకే?" అన్నారు అత్తగారు.

అరుగు మీద చుట్టలు నోళ్ళలోంచి దిగాయి. చివరికి ప్రెసిడెంటుగారు, "ఏందండీ, మీ కోడలు బోర్డులో లేకపోవటం మన అదృష్టం. ఉంటే మనందర్నీ ఇంటికి తోలేది" అన్నారు. దాన్ని నేను నిఖార్సయిన మెచ్చుకోలుగానే స్వీకరించాను.

తొట్టి కట్టడం మొదలైంది. అంతటితో ఊరుకున్నా బాగుండేది. మా వైపు మిద్దెల మీద చవుడు పోస్తారు. ఆ తెల్లమట్టి తడిస్తే బిగిసిపోయి చుక్క నీటిని కిందికి దిగనివ్వదు. వానలకు ముందు ఏటా కొత్త చవుడు పోయించుకోవడం మాకు రివాజు. నేను మళ్ళీ తలుపు వెనక చేరి, "సత్రం మీద పాత చవుడు కొట్టుకుపోయింది. దిట్టంగా కొత్తది పోయిస్తే ఒక్క చుక్క వృథా కాదత్తా" అన్నాను. బళ్ళతో చవుడు తోలించారు. చాకలి గుడ్డలు ఉడకేసేది కూడా ఆ చవుడుతోనేనని ఊళ్ళో పసిపిల్లలకు సైతం తెలుసు. కానీ ఇంటిమీది చవుడు వేరు, చాకలి బానలోని చవుడు వేరు అన్నట్టుండిపోయాం అందరం. ఆ అందరిలో నేనే ముందున్నాను.

మృగశిరలో రావలసిన వాన ఆరుద్రకు వచ్చింది. తోడికోడలికి ఏడో నెల నడుస్తున్నది. తెల్లారేసరికి తొట్టి నిండింది. నేను తలంటుకుని, తొట్టి అంచుకు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, మాచర్ల చెన్నకేశవస్వామికి దండం పెట్టుకుని, తొలి చెంబు తోడికోడలికి అందించాను. బోర్డంతా చూస్తున్నది.

ఆమె ఒక గుక్క పుచ్చుకుని, పక్కకు తిరిగి ఉమ్మేసింది.

"అక్కా, ఇయ్యి నేను తాగే నీళ్ళా, నన్ను ఉతికే నీళ్ళా?"

నీళ్ళు పచ్చగా, వేళ్ళకు జారుడుగా ఉన్నాయి. ప్రెసిడెంటుగారు మాత్రం పదవి గౌరవం కొద్దీ ఒక గుక్క మింగారు. మామగారు చెప్పులు వెతుక్కున్నారు. నేను దేవుడి ముందు కూర్చుని, "చవుడు సంగతి నాకు తట్టకపోతే నువ్వన్నా గుర్తు చెయ్యగూడదా స్వామీ?" అని నిలదీశాను. తప్పు ఆయనదేనన్నట్టు!

మర్నాడు తోడికోడలు బిందె చంకనెత్తుకుని వాగుకు బయలుదేరింది. అడ్డం నిలబడితే, "తప్పుకో అక్కా. నీ ఉపాయాలు తాగి బతకలేం గదా" అంది. నేనూ వెంట నడిచాను. గట్టెక్కేటప్పుడు ఆమె మోచెయ్యి వదల్లేదు.

తిరిగి వచ్చేసరికి సత్రం దగ్గర తిరునాళ్ళలా ఉంది. యుద్ధం రోజులు. దుకాణాల్లో సబ్బు కనబడక చానాళ్ళయింది. తొట్టి చుట్టూ ఆడవాళ్ళు గుడ్డలు బాదుతున్నారు. మా పక్కింటి పిన్ని నన్ను చూసి అరిచింది: "ఏమే, ఇటు చూడు! మీ బాబాయి మసిగుడ్డ పెళ్ళికొడుకు పంచె అయిపోయింది!"

ఇంటికి వస్తూ చూస్తే బావి గట్టు మీద ఒక్క మనిషి లేదు. గట్టు మీద ఎండిపోయిన రాళ్ళను చూసినప్పటికి గాని నా బుర్ర వెలగలేదు. ఊరి మంచినీళ్ళలో సగం ఉతుకులకే పోతున్నాయి! జల్లు పడ్డప్పుడల్లా తొట్టి నిండేది, బావి మీద ఒత్తిడి తగ్గింది. కొద్దిరోజులకే చేద రాతిని తాకకుండా మునిగింది. మేము మళ్ళీ వాగుకు వెళ్ళలేదు. బావి దగ్గర ఉతకరాదని బోర్డువారు దండోరా వేయించి, మొదటినుంచీ తమ ఉద్దేశం అదేనన్నారు. కొన్నాళ్ళు నేనూ అదే నమ్మాను.

భాద్రపదంలో ఒక ఉదయం తోడికోడలు ఆడపిల్లను కన్నది. తల్లీ బిడ్డా క్షేమం. దేవుణ్ణి నేను అడిగింది తాగే నీళ్ళు. ఆయన ఇచ్చింది ఉతికే నీళ్ళు, వాటి వెనక ఈ పసిదాన్ని. దండం పెట్టడానికి చేతులు చాలలేదు. పిల్లకు ఏ పూట నీళ్ళు పొయ్యాలో, ఏ వైపు పడుకోబెట్టాలో నాకు అప్పుడే బోలెడు తోచాయి. నోరు తెరవబోయాను.

అత్తగారు పిల్లను నా ఒళ్ళో పెట్టి, "దీనికి మాత్రం ఏ ఉపాయమూ చెప్పమాక తల్లీ. ఊరికే ఎత్తుకో" అన్నారు.

ఎత్తుకున్నాను.