దయ్యాన్ని బేరమాడిన వైనం

దయ్యాలు మనుషుల్ని పీడించిన కథలు మీరు చాలా విని ఉంటారు. ఒక మనిషి పనిగట్టుకుని వెళ్లి దయ్యం పొట్ట కొట్టబోయిన కథ మాత్రం విని ఉండరు. ఆ మనిషిని నేనే. కొన్నేళ్ల కిందట, పట్టపగలు, అశోక్‌నగర్‌లో, పూర్తి స్పృహలో ఉండి చేసిన ఘనకార్యం అది. నేరం ఇంకెవరి మీదికైనా తోసేద్దామని చాలా ప్రయత్నించాను. వీలుపడలేదు.

ముందు నా నోటి సంగతి చెప్పాలి. మాది చిక్కడపల్లిలో చీరల దుకాణం. మేనత్తది నారాయణగూడలో గాజుల కొట్టు. పెదనాన్నది స్టీలు సామాను. ఇలాంటి ఇంట్లో పుట్టిన పిల్ల అక్షరాల కన్నా ముందు బేరం నేర్చుకుంటుంది. గల్లా పక్కన కూర్చుని కొనేవాళ్లను చూసి చూసి నేను గ్రహించిన మొదటి పాఠం ఇది: మనసుపడ్డ వస్తువును ముందుగా తిట్టాలి. ఎంత మనసుపడితే అంత గట్టిగా తిట్టాలి. "గిదేం రంగు?" అని మూతి విరిచినావిడే కాసేపటికి ఆ చీర సంచిలో వేసుకుని వెళ్తుంది. "అబ్బ, ఎంత బాగుందో!" అన్నావిడ మంచినీళ్లు తాగి వెళ్తుంది.

ఈ పాఠం నాకు ఎంతగా వంటబట్టిందంటే, పెళ్లిచూపుల్లో పిల్లాడు బాగా నచ్చేసరికి "ఎత్తు జర తక్కువేమో" అనేశాను. మా ఆయన ఇప్పటికీ ఫొటో తీస్తున్నారంటే మునివేళ్ల మీద లేస్తాడు.

ఇక దయ్యం సంగతి. నా స్కూలు రోజుల్లో ఒక వారపత్రికలో 'మేడ మీది మాణిక్యం' అనే బొమ్మల కథ వచ్చేది. మాణిక్యం ఒక మేడ మీది గదిలో కిరాయికి ఉంటూ బట్టలు కుట్టుకునే మనిషి. చచ్చిపోయాక కూడా గది ఖాళీ చెయ్యదు. పీక పిసకడం, నెత్తురు తాగడం లాంటి అలవాట్లేవీ లేవు. అద్దెకున్నవాళ్లను ఇంటి ఓనరు సతాయిస్తే మాత్రం మెట్లు దిగి వచ్చి, అతని చొక్కా చేతులు రెండూ కలిపి కుట్టేసి పోతుంది. చివరికి ఓనరు కొత్త తాళం పట్టుకుని మేడెక్కుతాడు. తానెందుకు కదలదో చెప్పడానికి మాణిక్యం ఇటు తిరిగి నోరు తెరుస్తుంది. సరిగ్గా ఆ వారమే పత్రిక మూతపడింది. నాకు పెళ్లయింది, పిల్లలు పుట్టారు, మాణిక్యం నోరు అలా తెరిచే ఉంది.

అలాంటిది ఒకరోజు ఆ కథే ఫోన్లలో చూసే వెబ్ సిరీస్‌గా వచ్చింది. మా పేటలో తటస్థులు మిగల్లేదు. సర్కారు కొలువుల పరీక్షలకు చదువుతూ హాస్టళ్లలో ఉండేవాళ్లంతా మాణిక్యం వైపు. ఇళ్లున్నవాళ్లంతా ఓనరు వైపు. మా దుకాణంలో ఒకావిడ చీర సగం విప్పించి, "దయ్యమైతే మాత్రం అగ్రిమెంటు ఉండొద్దా?" అని అడిగితే, పక్కావిడ "మీరు కిరాయికి ఉండి చూడుండ్రి, తెలుస్తది" అంది. ఇద్దరూ చీర సంగతి మరిచి వెళ్లిపోయారు. పైగా ఈ సిరీస్ వాళ్లూ మాణిక్యం నోరు తెరిచిన చోటే ఆపేశారు! దుకాణానికి వచ్చిన ప్రతి మనిషీ అడిగేది ఒకటే: ఏం చెప్తది?

ఆ కథ రాసి, బొమ్మలు వేసిన కేశవరావు గారు అశోక్‌నగర్‌లోనే ఒక చిన్న పోర్షన్‌లో ఉంటారని తెలిసింది. మాణిక్యం మొదటిసారి మెట్ల మీద కాలు పెట్టే పేజీ ఉంది చూశారూ, దాని అసలు బొమ్మ కొనాలని నాకు ఆశ పుట్టింది. శనివారం పదకొండింటికి ఆయన తలుపు తట్టాను.

డెబ్బై దాటిన మనిషి. సన్నగా, కడిగిన కుంచెలా ఉన్నారు. బల్ల మీద గాజుసీసాలో బ్రష్షులు ఎండిపోయి నిలబడి ఉన్నాయి. గోడకు, ఫ్రేములో, నా పేజీ.

"కూసో బిడ్డా. సిరీస్ చూసినవా?" అన్నారు, నేను కూర్చోకముందే.

"మీరు చూడలేదా సార్?"

"నా ఫోన్ల గొంతే వస్తది, బొమ్మ రాదు. కంపెనీవాళ్లు బాగుందంటరు, వాళ్లు తీసిందే గద. చుట్టుపక్కలోళ్లు నా మొఖం చూసి బాగుందంటరు. మొఖం తెల్వనోళ్లు ఏమంటున్నరో నాకు చెప్పేటోళ్లు లేరు." గడియారం చూశారు. "ఒంటిగంటకు కంపెనీ పిలగాడు ఫోన్ చేస్తడు. రెండో భాగం రాస్తవా, బొమ్మలేస్తవా అని అడుగుతున్నరు. బ్రష్షు పట్టక చానా ఏండ్లాయె. జనానికి నచ్చితే పడత. లేకుంటే ఈ వయసుల ఎందుకు?"

ఈ మాట విన్న ఏ బుద్ధిమంతురాలైనా ఆయన కాళ్లకు దండం పెట్టి "పట్టండి సార్ బ్రష్షు" అనేది. నా చూపు మాత్రం గోడ మీదుంది. మనసు ఆ బొమ్మ మీద ఎంత పడిందంటే, నా నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఏదో ఉన్నది సార్," అన్నాను, మూతి విరిచి. "దయ్యమంటే భయం కావాలె గద. ఇది బట్టలు కుడ్తది. ఎవరు భయపడ్తరు?"

"నిజమే," అన్నారు ఆయన.

నేను తుళ్లిపడ్డాను. నా బేరాల చరిత్రలో అమ్మేవాడు 'నిజమే' అనడం అదే మొదలు. వాడు "గుడ్డ పట్టుకుని చూడమ్మా" అనాలి, నేను "చూసిన లెండి" అనాలి. అదీ పద్ధతి.

"ఆ బొమ్మల మెట్లు గూడ వంకరున్నయ్."

"వంకరనే. అప్పుడు నా గదిల లైటు సక్కగ లేకుండె."

"కాయితం పచ్చబడ్డది."

"పచ్చబడ్డది బిడ్డా."

ఎదురు లేని బేరం! నేను గాల్లో తేలిపోయాను. కింద పడి ఉన్న మనిషితో కుస్తీ పట్టి గెలుస్తున్నానని అప్పుడు తట్టలేదు. చివరి దెబ్బ కూడా వేశాను: "మా దిక్కు ఒక్కరు గూడ దీని ముచ్చట తీస్తలేరు సార్."

కేశవరావు గారు లేచి ఫ్రేము దించారు. కండువాతో దుమ్ము తుడిచి నా ఒళ్లో పెట్టారు. "తీస్కపో. పైసలొద్దు." బ్రష్షుల సీసా కూడా తెచ్చి ఇచ్చారు. "ఇంట్ల పిల్లలుంటే ఆడుకుంటరు." తర్వాత ఫోన్ తీసి నంబరు నొక్కడం మొదలుపెట్టారు. "ఒంటిగంట దాంక ఆగుడెందుకు? వద్దని ఇప్పుడే చెప్త."

బొమ్మ ఊరికే దక్కిన సంతోషం నాలో సరిగ్గా రెండు క్షణాలు ఉంది. మూడో క్షణంలో అర్థమైంది. ఆ ఫోన్ కలిస్తే ఈ మనిషి ఇక బ్రష్షు పట్టడు. మాణిక్యం ఎన్నటికీ నోరు మూయదు.

"ఆగుండ్రి సార్! అబద్ధం చెప్పిన! మస్తున్నది సిరీస్! మా దుకాణంల బేరం బంద్ పెట్టి దీని గురించే కొట్లాడుతున్నరు!"

ఆయన జాలిగా నవ్వారు. "నా మొఖం చూసి బాధపడ్తున్నవు. మంచిదానివి."

"కాదు సార్, బొమ్మ కొననీకె వచ్చిన. బేరం కోసం తిట్టిన."

"బేరమా? నేను ధరే చెప్పలే గద?"

"చెప్పకముందే తిట్టాలె సార్. మా ఇంట్ల గట్లనే నేర్పిండ్రు."

ఆయన నన్ను చూసిన చూపు మళ్లీ గుర్తు చేసుకోవడం నాకిష్టం లేదు. మాణిక్యం దయ వల్ల అవతల ఎవరూ ఫోన్ ఎత్తలేదు. "మొఖం తెల్వనోళ్ల దగ్గరికే తీస్కపోత, రాండ్రి," అని ఆయన్ను బయల్దేరదీశాను. ఫ్రేమూ బ్రష్షులూ నా చంకలోనే ఉన్నాయి. అంత కంగారులోనూ నేను వాటిని వదల్లేదని గమనించగలరు.

రెండు సందుల అవతల, హాస్టళ్ల ముందున్న చాయ్ కొట్టుకు వెళ్లాం. అక్కడ ఎవరికీ ఆయన తెలియదు. లావుపాటి పుస్తకం ఒళ్లో పెట్టుకుని చాయ్ తాగుతున్న ఒక అమ్మాయిని పట్టుకున్నాను. పేరు మమత, ఊరు నల్గొండ దగ్గర.

"చెల్లే, మేడ మీది మాణిక్యం చూసినవా? ఎట్లున్నది?"

"మోసం అక్కా!" అంది మమత.

నా గుండె జారి చెప్పుల్లో పడింది.

"నోరు తెరిచినంక ఆపేస్తరా ఎవరన్న? రాజ్యాంగం చదువుదామని కూసుంటే మాణిక్యమే యాదికొస్తున్నది. నా పరీక్ష పోతే వాళ్లదే పాపం!"

"చూసినవా, తిడ్తున్నరు," అన్నారు కేశవరావు గారు నా చెవిలో.

"అది తిట్టు కాదు సార్!"

పక్కనున్న కుర్రాడు అందుకున్నాడు. "సాగదీసిండ్రక్కా. మెట్లు దిగనీకె ఒక ఎపిసోడ్ పట్టింది."

"దిగుడు ఎక్కువైంది, నిజమే," అన్నారు కేశవరావు గారు. పన్నెండున్నర అయింది. ఊళ్లో దొరికే పొగడ్తలన్నీ ఆ రోజు సెలవు పెట్టినట్టున్నాయి.

అప్పుడు ఎదురు హాస్టల్ ఓనరు నర్సింగరావు గారు చాయ్ గ్లాసు ఠంగున పెట్టారు. "ఏం మాణిక్యం? ఇల్లు ఖాళీ చెయ్యమంటే చెయ్యనిదాన్ని దేవతను చేసిండ్రు! అది చూసినంక నా హాస్టల్ల ఎవ్వడు మాట ఇంటలేడు!"

"మీరు నీళ్ల మోటర్ బంద్ చేస్తరు గదంకుల్," అంది మమత. "మాణిక్యమే ఉంటే మీ లుంగీ కుట్టేస్తుండె."

చాయ్ కొట్టంతా గొల్లుమంది. నర్సింగరావు గారు లుంగీ సర్దుకున్నారు. "ఆయన ఇల్లు, ఆయన ఇష్టం! ఓనరు చేసిన తప్పేందో చెప్పుండ్రి!"

"ఆమె బతుకంత ఆ గదిలనే ఉన్నది!"

"సచ్చిపోయినామెకు బతుకేందే!"

జనం పోగయ్యారు. చాయ్‌లు చల్లారిపోయాయి. లేని మేడ మీది లేని గది కోసం ఒకరి మీద ఒకరు లేస్తున్నారు. నర్సింగరావు గారు చెయ్యెత్తి తీర్పు చెప్పారు. "నోరు తెరిచి ఏం చెప్తదో నేను చెప్త ఇనుండ్రి. 'తప్పయింది, పోతున్న' అంటది!"

"అనదు!" అన్నారు పదిమంది.

"అనదు," అని వాళ్లందరి కన్నా గట్టిగా అన్నది కేశవరావు గారు. కండువా జారిపోయింది, చూసుకోలేదు.

"నీకేం తెలుసయా పెద్దాయనా?"

ఆయన జవాబు చెప్పబోయేలోగా ఫోన్ మోగింది. ఒంటిగంట.

"ఆఁ బాబూ," అన్నారు ఆయన, నర్సింగరావు గారి నుంచి చూపు తిప్పకుండా. "రాస్త. బొమ్మలు గూడ నేనే ఏస్త. ఇక్కడ ఓనరు తరఫు మాట్లాడేటోళ్లున్నరు, వాళ్లకు జవాబు చెప్పకుంటే ఎట్ల?"

నేను గర్వంగా నవ్వాను. ఆయన ఫోన్ జేబులో వేసుకుని, నా చంకలోంచి ఫ్రేము లాగేసుకున్నారు. బ్రష్షుల సీసా కూడా.

"సార్, అది నాకిచ్చిండ్రు..."

"మెట్లు ఏ దిక్కు వంకరున్నయో చూసి ఎయ్యాలె బిడ్డా."

"పోనీ, ధర చెప్పుండ్రి."

"గింతమంది కొట్లాడుతుంటే అమ్ముకుంటరా ఎవరన్న?"

ఊరికే వచ్చిన వస్తువును గంటసేపు ఊరేగించి, దానికి నేనే గిరాకీ పెంచి, నాకే దక్కకుండా చేసుకున్నాను. మా వంశంలో ఇలాంటి బేరం ఎవరూ చెయ్యలేదు.

అంతటితో అయిపోతే బాగుండేది. ఏడాది తిరిగేసరికి రెండో భాగం వచ్చింది. అందులో మాణిక్యం ఎట్టకేలకు "బతుకంత ఈ గదిలనే కుట్టిన, సచ్చినంక ఏడికి పోవాలె?" అని చెప్పేసింది, ఓనరు తాళంతో సహా దిగిపోయాడు. ఆ తర్వాతే ఒక కొత్త మనిషి. మేడ మీది గది చూడటానికి వచ్చిన చీరల దుకాణం ఆవిడ. గోడలు బాగాలేవంటుంది, కిటికీకి గాలి రాదంటుంది, మిషిను ముందు కూర్చున్న మాణిక్యాన్ని ఎగాదిగా చూసి "దయ్యం గూడ పాతదే ఉన్నది" అని మూతి విరుస్తుంది. ఏ ఓనరుకూ, ఏ తాళానికీ లొంగని మాణిక్యం, కుట్టుమిషిను నెత్తిన పెట్టుకుని ఆ మెట్లు దిగి పారిపోతుంది.

చూసినవాళ్లు ఏమన్నారంటారా? మా దుకాణంలోనే విన్నాను. "మిగతాదంత బాగున్నదమ్మా, ఆ బేరాలామెనే నమ్మబుద్ధయితలేదు. గంత ఓవర్ మనుషులు ఏడుంటరు?" అంది ఒకావిడ. నేను తల దించుకుని చీర మడత పెట్టాను.

కాబట్టి పాఠక మహాశయులారా, మా మూడు దుకాణాల గల్లాపెట్టెల మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇకపై నచ్చిన వస్తువును నచ్చిందని మొదటి మాటలోనే, సాక్షుల ఎదుట, గట్టిగా ఒప్పుకుంటాను. ఒకవేళ తిట్టక తప్పకపోతే, అమ్మే మనిషికి బొమ్మలు వెయ్యడం రాదని రూఢి చేసుకున్నాకే నోరు తెరుస్తాను.