పాఠం వెనుక ఫ్యాన్ మోత

నా కంప్యూటర్ ఉడికిపోతోందన్న కబురు మొదట నాకు చేరవేసింది కరీంనగర్‌లో డిగ్రీ చదివే ఒక అమ్మాయి. హుస్నాబాద్ దగ్గరి ఊరి పిల్ల, ఉండేది హాస్టల్లో. పుట్టినప్పటి నుంచి చూపు లేదు. నా కంప్యూటర్ ఉన్నది గోదావరిఖనిలో, మా క్వార్టర్ ముందుగదిలో. దాని ముందే కూర్చున్న నాకు తెలియని సంగతి, అంత దూరాన చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న ఆమెకు తెలిసింది.

"అక్కా, ఓరుగల్లు కోట ముట్టడి పాఠం ఇన్న," అన్నది ఫోన్లో. "మంచిగనే చదివినవ్. గని కోట మీదికి హెలికాప్టర్ ఎందుకొచ్చింది?"

నేను బడి మొహం చూడలేదు. మా నాన్న, మేము బాపు అనేవాళ్ళం, ఉట్నూర్ వైపు అడవి శాఖలో పనిచేసేవాడు. ఆయన వంట చేస్తుంటే నేను గడపలో కూర్చుని పుస్తకం పైకి చదవాలి. పోపు చిటపటల్లో కూడా వినపడాలి. ఆగితే గరిటె ఆగేది. అలా నాకు ఒకే ఒక్క విద్య వచ్చింది, గట్టిగా తప్పుల్లేకుండా చదవడం. చూపులేని పిల్లలకు పాఠాలు చదివి రికార్డు చేసి పంపేవాళ్ళు కావాలని తెలిసిన రోజు బాసర అమ్మవారికి మనసులోనే దండం పెట్టుకున్నాను. నాకు వచ్చిన ఆ ఒక్క పనినే అడిగే మనుషులను ఆమె ఎక్కడినుంచో వెతికి పట్టుకొచ్చింది.

చలికాలంలో వీడియోలు చూస్తూ కంప్యూటర్‌ను నేనే బిగించుకున్నాను. ఒక్కో ముక్కా హైదరాబాద్ నుంచి పార్సిల్‌లో వచ్చేది. ఒక్కో స్క్రూ తిప్పుతూ ఒక్కో దేవుణ్ణి తలుచుకున్నాను. దేవుళ్ళు అయిపోయారు గానీ స్క్రూలు అయిపోలేదు.

ఆ అమ్మాయికి పోయిన ఏడాది చరిత్ర పేపరు తప్పింది. చదివి పంపేవాళ్ళు లేక సగం పాఠాలు వినకుండానే పోయి రాసింది. ఈసారీ తప్పితే హాస్టల్లో చోటు ఉండదు, ఊరికి పోవాల్సిందే. పరీక్ష పన్నెండు రోజుల్లో ఉంది. ఇంకా తొమ్మిది పాఠాలు మిగిలాయి. ఆమె హెలికాప్టర్ మాట అన్న ఉదయానికి లెక్క ఇదీ.

ఆ మధ్యాహ్నమే పాఠంలోంచి కంప్యూటర్ ఫ్యాన్ మోత తీసేయడానికి కూర్చున్నాను. పని సగంలో ఉండగా తెర నల్లబడింది. కరెంటు పోలేదు, పైన ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. మళ్ళీ ఆన్ చేస్తే వచ్చింది, పది నిమిషాలకు మళ్ళీ పోయింది.

ప్రాసెసర్ వేడి చూపించే చిన్న ప్రోగ్రాం ఒకటి ఎక్కించాను. ఏ పనీ చేయకుండా కూర్చున్నప్పుడు డెబ్బై ఒక్క డిగ్రీలు. పని చెప్పగానే తొంభై ఏడు, ఆ తర్వాత చీకటి. వేడి ఎంతవరకు ఉండవచ్చో దాని కంపెనీ వాళ్ళు రాసిన కాగితం చదివాను, తెలిసినవాళ్ళు చెప్పిందీ విన్నాను. ఊరికే ఉన్నప్పుడు నలభై, యాభై. మా ఎండల్లో ఇంకో అయిదు ఎక్కువైనా తప్పు లేదు. పనిలో ఎనభై దాకా భయం లేదు. తొంభై దాటి అక్కడే నిలబడితే మాత్రం ఎక్కడో తేడా ఉన్నట్టు. వంద దగ్గరికి పోతే, కాలిపోకుండా తనను తాను ఆర్పుకుంటుంది. నాకంటే దానికే తెలివి ఉంది.

మా మామ బొగ్గు బాయిలో గాలి చూసే పని చేసి రిటైరైన మనిషి. భూమి కింద ఏ సొరంగంలో గాలి ఆడుతోంది, ఎక్కడ ఆగింది అన్నదే ఆయనకు ముప్పై ఏళ్ళ చదువు. గుడికి రాడు. దేవుడి మీద కోపమేమీ లేదు, గుళ్ళో గాలి ఆడదని. కంప్యూటర్ చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"బిడ్డా, నీ దేవుని ఊదుబత్తి ఒకటి ఇటు తే."

"పూజకా మామా?"

"నీ డబ్బకే. దేవునికి రేపు పెడుదువు తియ్యి, ఏమనుకోడు."

ఊదుబత్తి వెలిగించి డబ్బా ముందు పట్టుకున్నాడు. పొగ లోపలికి పోయింది. వెనక పట్టుకున్నాడు. అక్కడా లోపలికే పోయింది.

"బాయిల గాలి ఒక తొవ్వల రావాలె, ఇంకో తొవ్వల పోవాలె," అన్నాడు. "నువ్వు రెండు దిక్కుల నుంచి తోలుతున్నవ్. లోపలున్నది ఏడికి పోతది, స్వర్గానికా?"

వెనక ఫ్యాన్‌ను తిరగేసి బిగించాను. అరవై ఆరుకు దిగింది. పనిలో తొంభై అయిదు. మామ ఆ కాస్తకే మీసం దువ్వుకుని, ఊదుబత్తిని తీసుకుపోయి ఆయనే దేవుడి ముందు గుచ్చాడు. మా ఇంట్లో అది చిన్న అద్భుతం. కంప్యూటర్ మాత్రం మళ్ళీ ఆరిపోయింది.

డబ్బా తలుపు ఊడదీసి టేబుల్ ఫ్యాన్ పెట్టి చూశాం. అరగంట నిలబడింది. ఆ అరగంటలో చదివిన పాఠం పంపితే ఆమె వెంటనే ఫోన్ చేసింది.

"హెలికాప్టర్ పోయింది అక్కా. ఇప్పుడు రైలొచ్చింది. నీ గొంతు పట్టాల మీద పడి ఉన్నది, తీసుకో."

మూడు రోజులు అలాగే పోయాయి. మా ఊళ్ళో బాగుచేసే దుకాణాయన వచ్చే వారం రమ్మన్నాడు. రైలు మోతతో పోయిన పాఠాన్ని లెక్కలో వేసుకున్నా, ఇంకా ఉన్నది తొమ్మిది రోజులు, ఎనిమిది పాఠాలు. నాల్గో రోజు ఆమెకు సిగ్గు విడిచి చెప్పాను, నాతో అయ్యేటట్టు లేదు, ఇంకెవరినన్నా చూసుకోమ్మా అని.

"ఎవరున్నరు?" అన్నది. ఎగతాళి లేని మాట ఆమె నోట నేను వినడం అదే మొదటిసారి. ఆ వెంటనే, "అంకెలు చెప్తున్నవ్ గని, చెయ్యి పెట్టి చూసినవా?" అని అడిగింది.

"దేని మీద?"

"ప్రాసెసర్ మీద ఏదో ఇనుప రేకుల కుప్ప ఉంటది అన్నవ్ గదా, ఫ్యాన్ కింద. అది కాలుతున్నదా?"

ఎప్పుడూ పట్టుకోలేదు. తెర మీద తొంభై నాలుగు చూపిస్తుండగా, ఫ్యాన్‌కు దూరంగా రేకుల అంచు మీద వేలు ఆనించాను. పొద్దున కాచి మరిచిపోయిన పాలంత గోరువెచ్చగా ఉంది. అదే చెప్పాను.

"పొయ్యి భగ్గున మండుతుంటది, పైన గిన్నె సల్లగుంటది. అంటే నడిమిట్ల ఏదో అడ్డం ఉన్నట్టే గదా అక్కా. గింతకు డిగ్రీ కూడ అక్కర్లేదు, అన్నం వండితే సాలు."

ఫోన్ పక్కన పెట్టి, కంప్యూటర్ ఆర్పి, చల్లారాక రేకుల కుప్పను విప్పి తిరగేశాను. దాని అడుగున, ప్రాసెసర్‌కు ఆనే నున్నటి చోట, పల్చటి ప్లాస్టిక్ కాగితం అతికి ఉంది. బిగించే ముందు తీసేయాలని దాని మీదే రాసి ఉంది.

మా ఇంట్లో టీవీ రిమోట్‌కు కవర్ ఉంది, కవర్ చిరిగితే దాని మీద ఇంకో కవర్. ఫ్రిజ్ తలుపుకు కొన్ననాటి రేపర్ ఉంది. కుర్చీల కవర్లు నా పెళ్ళికి ముందటివి. కొత్త వస్తువు ఒంటి మీది ప్లాస్టిక్ పీకడమంటే నాకు పసిపిల్ల స్వెటర్ విప్పినట్టు ఉంటుంది. ఆ ప్లాస్టిక్ మీదే వేడిని అందించే పేస్టు కూడా భక్తిగా రాశాను. దేవుడి పటానికి బొట్టు పెడతాం కదా, తగిలేది అద్దానికే. పటానికైతే అది చాలు. ప్రాసెసర్‌కు చాలలేదు.

ఫోన్ అందుకుని సంగతి చెప్పాను.

"తీసెయ్యాలని దాని మీద రాసి లేదా?"

"ఉంది."

"సదివినవా?"

"చదివిన."

"సదివి?"

"ఉంచిన. మంచిగుంటదని."

అవతల చాలాసేపు నవ్వు. "అక్కా, నాకు కండ్లు లేవు, సరే. నీకేమైంది?"

ప్లాస్టిక్ పీకాను. దూదిని స్పిరిట్‌లో ముంచి పాత పేస్టు తుడిచాను, కొత్తది శనగగింజంత పెట్టి బిగించాను. ఊరికే ఉంటే నలభై తొమ్మిది. పనిలో డెబ్బై ఎనిమిది, అక్కడే నిలబడింది. ఫ్యాన్ ఎంత మెల్లగా తిరిగిందంటే ఆగిపోయిందేమోనని మామ ఇంకో ఊదుబత్తి అడిగాడు.

ఎనిమిది పాఠాలు ఏడు రోజుల్లో చదివాను. గొంతు పోయింది, మిరియాల కషాయంతో వచ్చింది. చివరి పాఠం పరీక్షకు రెండు రోజుల ముందు చేరింది. విని, "ఈసారి గదిల నువ్వొక్కదానివే ఉన్నవ్," అన్నది. నా జీవితంలో నాకు దొరికిన సర్టిఫికెట్ అదొక్కటే, భద్రంగా దాచుకున్నాను.

పరీక్ష రాసి వచ్చిన సాయంత్రం ఫోన్ చేసింది. అన్నీ వచ్చినవే అడిగారట. ఆమె చెబుతుంటే పక్కన కూర్చుని రాసింది ఒక ఇంటర్ పిల్ల. "నా కోసం మొక్కకు అక్కా. ఆ పిల్ల దస్తూరి కోడి గీకినట్టుంటదట. దిద్దేటోళ్ళ కోసం మొక్కు."

మొక్కాను. ఫలితం ఇంకా రాలేదు. వచ్చేదాకా హాస్టల్లో ఆమె మంచం ఆమెదే, ఆ తర్వాత సంగతి ఎవరికీ తెలియదు. ఇది చదివినవాళ్ళు మీ మీ దేవుళ్ళ దగ్గర ఆ అమ్మాయిని ఒక్కసారి తలుచుకోండి. దేవుడు లేనివాళ్ళు ఊరికే తలుచుకున్నా చాలు, మా మామ అలాగే చేస్తున్నాడు. పేరు నేను రాయలేదు. పేపర్లు దిద్దేవాళ్ళకూ పేరు కనపడదట, అంకె ఒక్కటే కనపడుతుందట. కాబట్టి మీరు కూడా హుస్నాబాద్ వైపు పిల్ల, చరిత్ర పేపరు అనుకోండి.