నాచారం ఫోటోలో ఎడమ చెయ్యి

దయ్యాల మాటెత్తితే మా ఇంట్లో ముందు నవ్వేది నేనే. చీకట్లో చప్పుడైతే పిల్లి అనుకుని అటు తిరిగి పడుకునే రకం. ఇప్పటికీ నమ్ముతున్నానని చెప్పను. కానీ పోయినేడు జరిగిన ఈ ఒక్క సంగతి మాత్రం నా బుర్రకు అందడం లేదు.

మాది గుంటూరు వైపు. మావారి రైల్వే ఉద్యోగం వల్ల ఉప్పల్‌లో ఉంటున్నాం. పాప బడికి వెళ్లాక ఇంట్లోనే కూర్చుని చిన్న చిన్న వ్యాపారాలకు వెబ్‌సైట్లు చేసిపెడతాను. పెద్ద విద్యేం కాదు. ముందు కాగితం మీద పేజీ గీసుకుంటాను, పేరెక్కడ, ఫోన్ నంబరెక్కడ అని. ఆ తర్వాత వాటి వెనక నిండుగా పరిచే ఫోటో ఎంచుకుంటాను.

నాచారంలో యాదగిరి అనే అతనికి, ఇనుమును గిర్రున తిప్పుతూ చెక్కే లేత్ మిషన్ల వర్క్‌షాపు ఉంది. దాన్ని పెట్టింది వాళ్లన్న నర్సింహ. ఆయన పోయి అప్పటికి ఏడాది కావస్తోంది. ఆయన చేసిన ఇనుప గొట్టమొకటి, దాని మూత యాదగిరి నా చేతిలో పెట్టాడు. మూత తిప్పితే వెన్నలో వేలు దిగినట్టు దిగింది. ఇనుము గురించి ఓనమాలు రాని నాకే ముచ్చటేసింది. "కోసే ముందు జర ఎక్కువే ఉంచు, కోసినంక అతకదు" అనేవాడట పనివాళ్లతో. వాళ్లు ఇప్పటికీ ఆ మాట చెప్పుకుంటారు. అంత పనిమంతుణ్ణి బతికుండగా చూడలేదే అనిపించింది.

సైటుకు వెనక పరచమని యాదగిరి ఒక ఫోటో వాట్సాప్‌లో పంపాడు. ఎవరో కస్టమర్ తీసిందట. నడుమ మిషను, కుడి అంచున నర్సింహగారు నవ్వుతూ. భుజం దగ్గరే ఫోటో అయిపోయింది, ఎడమ చెయ్యి లేదు.

కంప్యూటర్లో బాగానే ఉంది. ఫోన్లో చూస్తే తెర సన్నం కాబట్టి ఫోటో నడిమి భాగమే మిగిలి, మనిషే మాయమయ్యాడు. ఫోటోను పక్కకు జరిపితే సగం మొహం వచ్చి మెనూ కింద పడింది. తల ప్రాణం తోకకొచ్చింది. ఆయన ఫోటోను వేరే పేజీలో చిన్నగా పెడతానన్నాను.

"అన్న లేకుంటే షాపే లేదక్కా," అన్నాడు యాదగిరి. "పని జేస్తున్న ఫోటో గిదొక్కటే ఉన్నది. సంవత్సరీకం నాడు మా అవ్వ ఫోన్ల జూస్తనంటుంది."

కొడుకును చూడాలన్న తల్లికి కాదని ఎలా చెప్పను? అయినా సంవత్సరీకం ముందురోజు, ఇక నా వల్ల కాదని చెప్పేద్దామనే నిశ్చయించుకున్నాను. పాపను బడిలో దింపి వచ్చి, చివరిసారిగా ఫోన్లో పేజీ తెరిచాను.

నర్సింహగారు నిండుగా నిలబడి ఉన్నారు. ఎడమ భుజం, మోచెయ్యి, వేళ్లు, ఆయన పక్కన ఇంకా కాస్త గోడ. అరచేతికి నీలం గుడ్డ కట్టు.

ల్యాప్‌టాప్‌లో చూశాను. అదే పేరుతో ఉన్న ఫోటో, కాకపోతే వెడల్పు పెరిగింది. వాట్సాప్‌లో వచ్చింది మాత్రం భుజం దగ్గరే ఆగి ఉంది. పాస్‌వర్డ్ నాకు తప్ప ఎవరికీ తెలియదు. మావారికి ఫోటో పంపడమే సరిగ్గా రాదు. ఏఐ పనంటారేమో. నేను దాని జోలికే పోలేదు.

యాదగిరికి ఫోన్ చేస్తే అప్పటికే చూసేశాడు. "మస్తు జేసినవక్కా! చెయ్యి గూడ కనవడుతుంది. గా ఫోటో ఏడ దొరికింది?"

నేను చేయలేదంటే నమ్మలేదు. మొహమాటపడుతున్నానని నవ్వాడు.

మర్నాడు సంవత్సరీకానికి వాళ్లింటికి వెళ్లాను. భోజనాలయ్యాక వాళ్లమ్మ చేతిలో ఫోన్ పెట్టాడు యాదగిరి. ఆవిడ చాలాసేపు చూసింది. మొహం కంటే ఎక్కువగా ఆ చేతినే చూసింది.

"గీ గుడ్డ నా చీరది బిడ్డా," అంది నాతో. "ఫోటో దిగిన పొద్దు చెయ్యి కోసుకున్నడు. నేనే చింపి కట్టిన. గుడ్డ సుట్టుకుంటది, మిషన్ కాడికి పోకురా అంటే సరే అన్నడు. తర్వాత ఫోటో జూస్తే మిషన్ కాడనే నిలవడ్డడు. చెయ్యేదిరా అంటే నవ్విండు. నేను తిడ్తనని దాసిండు."

ఆ రోజు సరుకు కోసం మల్లాపూర్ వెళ్లిన యాదగిరికి ఈ సంగతే తెలియదు. ఎర్రబడ్డ కళ్లతో నా వైపు చూశాడు. నాకు భయమైతే వేయలేదు, అది నిజం.

ఆ చెయ్యి ఎలా వచ్చిందో నాకు ఈనాటికీ తెలియదు. తెలిసినవాళ్లను అడిగాను, ఎవరూ తేల్చలేదు. ఆ రోజు ఆవిడ మాత్రం అదెలా వచ్చిందని అడగలేదు. ఫోన్‌ను కళ్లకు దగ్గరగా పట్టుకుని, ఆ కట్టు మీద బొటనవేలితో మెల్లగా నిమిరింది.

"మానిందా కొడుకా?" అంది.