రొయ్యల ఐసులో రూటర్

భీమవరం మొత్తానికి రూటర్‌ను చల్లబరిచే విద్య నేర్పింది నేనే. మా వీధిలో ఇంటర్నెట్ ఆగితే జనం కంపెనీకి ఫోన్ చేసేవారు కాదు, నేరుగా మా గుమ్మంలోకి వచ్చి లైను కట్టేవారు!

ఇంటికి బ్రాడ్‌బ్యాండ్ వచ్చిన కొత్తలో సంగతి. మా వైపు ఏ యంత్రం ఇంట్లో అడుగుపెట్టినా దానికో గుడ్డ కప్పకపోతే మర్యాద చేయనట్టే. టీవీకి మా ఆవిడ అల్లిన లేసు గుడ్డ, మిక్సీకి పూల గౌను, ఫ్రిజ్ పిడికి తొడుగు. రూటర్ ఏం పాపం చేసింది? టీవీ మీద కూర్చోబెట్టి దానికీ ఒకటి కప్పాం.

ఆ రోజు మా అమ్మాయి ఇంజనీరింగ్ సీటు కోసం కాలేజీల ఆప్షన్లు నెట్‌లో పెట్టాలి. సాయంత్రంతో గడువు సరి. పిల్లకు కావలసింది మా ఊళ్ళోనే ఎలక్ట్రానిక్స్. సగం పెట్టిందో లేదో, రూటర్ మీద పచ్చలైటు ఆరిపోయింది. ఆపి మళ్ళీ వేస్తే కాసేపు వెలగడం, మళ్ళీ ఆరడం. నెట్ సెంటర్లలో చూస్తే కాలు పెట్టే చోటు లేదు. పిల్ల ముఖంలో నెత్తురు చుక్క లేదు. గుడ్డ తీసి రూటర్ మీద చెయ్యి వేశానా, అట్లపెనమే!

నాకు ఎక్కడలేని హుషారు వచ్చేసింది. ఏళ్ళ తరబడి రొయ్యల వ్యాపారం చేసినవాణ్ణి, వేడెక్కినదాన్ని ఏం చేయాలో నాకొకరు చెప్పాలా? స్కూటర్ మీద ఐసు ఫ్యాక్టరీకి దూసుకెళ్ళి, థర్మోకోల్ పెట్టెలో ఐసు కొట్టించి తెచ్చాను. ఐసు మీద ప్లాస్టిక్ కవరు పరిచి, రూటర్‌ను పడుకోబెట్టి, వైర్లకు సందు కోసి, చల్లదనం పోకుండా మూత బిగించాను.

“నాన్నా, అది రొయ్య కాదు!” అని అరిచింది అమ్మాయి.

“చూస్తూ ఉండవే, ఇప్పుడు గుర్రంలా పరిగెడుతుంది!”

పరిగెత్తలేదు. మూత తీసి చూస్తే రూటర్ ఒళ్ళంతా చెమటలు, లైటు లేదు. ఇంతవరకూ వచ్చాక నిజం ఒప్పుకోవాలి: వీధి జనం లైను కట్టారన్నది కొంచెం సాగదీశాను. వచ్చింది పక్కింటాయన ఒక్కరే. అదీ మజ్జిగలోకి ఐసు కోసం.

కానీ అప్పుడే నా బుర్రలో మెరిసింది. దీనికి కావలసింది ఐసు కాదు, గాలి! రూటర్‌ను శుభ్రంగా తుడిచి ఆరబెట్టి, కిటికీ పక్కన కూరగాయల చిల్లుల బుట్ట బోర్లించి దాని మీద పెట్టాను. కిందా మీదా గాలి ఆడింది. పచ్చలైటు వెలిగింది, ఇక ఆరలేదు! గడువు ముగిసేలోపే అమ్మాయి ఆఖరి ఆప్షన్ పెట్టేసి గంతేసింది, నేనూ గంతేశాను. కోరుకున్న సీటే వచ్చింది.

రాసిందంతా మా ఆవిడకు చదివి వినిపించాను. చిక్కుడుకాయలు వలుస్తూ ఓపిగ్గా విన్నది.

“ఏంటండీ, మెరిసింది మీ బుర్రలోనా? మూత తీసిందీ నేనే, తుడిచిందీ నేనే, వంకాయలు నేల మీద పోసి ఆ బుట్ట బోర్లించిందీ నేనే. అప్పుడు మీరు అరుగు మీద పక్కింటాయనతో మజ్జిగ తాగుతున్నారు. ఇంకోటి, కప్పాం కప్పాం అని నన్ను కలపకండి. టీవీ మీద గుడ్డ లాగి రూటర్‌కు కప్పింది మీరు. వద్దండీ అంటే విన్నారా?”