వేటకత్తి మా ఇంట్లోనే ఉంటుంది

నాకు పాత కత్తులంటే ఇష్టం. ఈ మాట చెబితే మా బంధువులు ముందు నవ్వుతారు. నేను నవ్వడం లేదని గమనించాక మొహం పక్కకు తిప్పుకుంటారు. మంత్రాలయంలో మూడు తరాలుగా గుడి సేవ చేసుకుని బతికిన ఇల్లు మాది. ఉల్లిపాయ వండాలా వద్దా అని మా అవ్వా తాతా నెలల తరబడి వాదించుకున్నారట. అలాంటి ఇంట్లో పుట్టిన నేను ఎమ్మిగనూరులో తెలుగు టీచర్‌ని. ఆదోనిలో ఒక్కదాన్నే ఉంటాను. నా ముందుగదిలో మేకుకు వేలాడేది వేటకత్తి.

అది సి.బెళగల్ వైపు ఒక పల్లెలో దొరికింది. సెలవులకని వెళ్లి బడికి తిరిగి రాని అమ్మాయి కోసం వాళ్ల ఇంటికి పోయాను. అమ్మాయి తల్లితో కలిసి గుంటూరు వైపు మిరపకాయల కోతకు వెళ్లిందని తెలిసింది. (తర్వాతి నెలలో వచ్చింది, పదో తరగతి పాసయింది కూడా.) ఇంట్లో ఆ పిల్ల నాయనమ్మ ఒక్కతే అరుగు మీద కూర్చుని వంకాయలు తరుగుతోంది. ఆమె చేతిలోని కత్తిని చూసి నేను వచ్చిన పని మరిచిపోయాను.

జానెడు పొడవు. మందమైన వెన్ను, కొస దగ్గర కొంచెం పైకి తిరిగిన అలుగు, ఎనుము కొమ్ము పిడి. అలుగంతా నీలం కలిసిన నలుపు. అంచు మాత్రం వెంట్రుకంత సన్నగా తెల్లగా మెరుస్తోంది. ఆ నలుపు మసీ కాదు, తుప్పూ కాదు. నెత్తురూ చింతపండూ చెమటా ఏళ్ల తరబడి తగిలితే మంచి ఉక్కుకు వచ్చే రంగు అది.

"అవ్వా, ఈ కత్తి యాడిది?"

"మా ముసలాయనది తల్లీ. ఏటకత్తి. సెనక్కాయ సేన్లో పందులు పడితే మొగోళ్లంతా కలిసి పోతాండ్రి. పడిన పందిని కోసేది దీంతోనే. ఆయప్పా పాయె, ఏటా పాయె. నేను వంకాయలు కోసుకుంటాండాను." అవ్వ నవ్వింది. "నా కొడుకు దీన్ని పాత ఇనుముకు ఏస్తానంటాడు. తళతళలాడే స్టీలు కత్తి తెచ్చిస్తాడంట. నీకు కావాల్నా?"

మర్యాదకైనా వద్దనాల్సింది.

"కావాలవ్వా" అన్నాను.

"కత్తి చేతికియ్యగూడదు. కింద పెడతా, తీసుకో. తడి పెట్టొద్దు. కోసినంక తుడిసి, రోంత ఆముదం పూయి."

పిడి వదులుగా ఉందని మరుసటి రోజు ఎమ్మిగనూరులో ఒక కమ్మరి దగ్గరికి తీసుకుపోయాను. ఆయన కత్తిని వెలుతురుకు ఎత్తి, వెన్ను మీద వేలితో తడిమాడు. అక్కడ సన్నటి అడ్డగీతలు ఉన్నాయి. నేను గమనించనే లేదు.

"మేడమ్, ఇది పాత ఆకురాయి. ఇనుము అరగదీసేది. దాన్నే కాల్చి, సాగగొట్టి కత్తి చేసినారు. సూడండి" అంటూ పిడిలో దాగే తోకభాగాన్ని తిరిగే సానరాయికి తాకించాడు. కాకరపువ్వొత్తి వెలిగించినట్టు తెల్లటి రవ్వలు చీలి చీలి రాలాయి. పక్కనే ఉన్న మామూలు ఇనుప కడ్డీ తాకిస్తే ఎర్రటి పొడుగాటి గీతలు, అంతే. "రవ్వ ఎంత పగిలితే ఉక్కు అంత గట్టిది. ఇప్పుడొచ్చే కత్తులు సూసేకి బాగుంటాయి, కోసేకి ఏడుస్తాయి. ఈ నలుపు తీసేసి అద్దం మాదిరి మెరిపిస్తాను, ఉండండి."

"నలుపు ముట్టుకోవద్దు" అన్నాను.

"పాతగా కనపడతాది మేడమ్."

"పాతదే కదన్నా."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. తర్వాత పిడి బిగించి, అలుగు ముట్టుకోకుండా ఇచ్చాడు.

మా అన్న మంత్రాలయం నుంచి వచ్చింది ఆ వారంలోనే. చెప్పులు విప్పుతూనే గోడ వైపు చూశాడు.

"ఏంది అది?"

దాచలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను.

"ప్రాణాలు తీసిన కత్తిని ఇంట్లో పెట్టుకుంటావా? నాన్న ఉంటే ఏమనేవాడు? నాకియ్యి. పోతా పోతా తుంగభద్రలో పారేస్తాను."

"నీ జేబులో తోలు పర్సు ఉంది కదన్నా. అది ఏ చెట్టుకు కాసింది?"

"నోరు ఎక్కువైంది నీకు."

"ఎక్కువేం కాలేదు. ఇన్నేళ్లూ వాడలేదు, అంతే."

ఆ కత్తి ఉన్నంతకాలం ఈ ఇంట్లో మెతుకు ముట్టనని చెప్పి వెళ్లిపోయాడు. నాకు ఏడుపొచ్చింది. అమ్మ పోయాక నాకు మిగిలింది ఆయనే. అయినా కత్తిని మేకు మీద నుంచి దించలేదు. దించింది కూరగాయలు తరగడానికే. మా తెలుగులో మేలిమి ఉక్కుకు ఎన్ని మాటలున్నాయో పిల్లలకు చెబుతాను. ఆ ఉక్కు ఎదురుగా వస్తే మైల అనాలా? అనను.

అన్న రావడం మానలేదు. వచ్చినప్పుడల్లా వరండాలో కుర్చీ వేసుకుని, తెచ్చుకున్న సీసాలోని నీళ్లే తాగేవాడు. మొన్న వేసవిలో అలా కూర్చుని ఉండగానే కత్తి ఇచ్చిన అవ్వ వచ్చింది. ఆదోనిలో కంటి పరీక్షకని వచ్చి, నా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. లోపలికి తీసుకుపోయి జొన్నరొట్టె, వంకాయ కూర పెట్టాను. తిని, మేకు మీది కత్తి దించి బొటనవేలితో అంచు చూసింది.

"మొద్దు చేసినావు కదే తల్లీ! నూరవా?"

సిగ్గుపడ్డాను. ఆమె నా పెరట్లోంచి ఒక నున్నటి రాయి తెచ్చుకుని, నీడగా ఉందని వరండాలోనే, మా అన్న కాళ్ల దగ్గర కూర్చుంది. కాసేపు నూరి, తల ఎత్తింది.

"సామీ, రాయి మీద రోన్ని నీళ్లు పొయ్యప్పా."

అన్న నా వైపు చూశాడు. నేను గడపలో నిలబడి ఉన్నాను, కదల్లేదు. ఆయన సీసా మూత తీసి, వంగి, రాయి మీద నీళ్లు పోశాడు. మళ్లీ అడిగితే మళ్లీ పోశాడు. నూరడం అయ్యేసరికి సీసా ఖాళీ అయింది.

"ఆ పందులు ఎంత పెద్దవి ఉంటాయి?" అని మెల్లగా అడిగాడు.

"నీ అంత ఉంటాయి సామీ" అంది అవ్వ. నేను నవ్వు ఆపుకోలేకపోయాను.

ఆ రోజూ అన్న మా ఇంట్లో తినలేదు. ఎండలో ఖాళీ సీసాతో బస్టాండుకు నడిచాడు. తినమని నేను బతిమాలనూ లేదు. ఆయన పట్టు ఆయనది, నా కత్తి నాది. ఈ మధ్య ఆదోనిలో పాత సామాన్ల అంగట్లో ఇంకోటి దొరికింది, కొస విరిగినది. దాని కోసం రెండో మేకు కొట్టాను.